నంబరులోని చివరి అక్షరం దాకా: సైనిక ప్రమాణాల క్లాంపులు, బోల్టులు ఎంచుకోవడం

ఆన్‌లైన్‌లో వెతికితే "మిలిటరీ గ్రేడ్" అని రాసిన క్లాంపులు, బోల్టులు కుప్పలుగా కనిపిస్తాయి. అలాంటి గ్రేడు ఏ ప్రమాణంలోనూ లేదు. కొన్నింటి పక్కన "మిల్-ఎస్‌టీడీ-810 పాసైంది" అని కూడా ఉంటుంది. అది ఒక పరికరాన్ని వేడికి, వానకి, దుమ్ముకి, ఉప్పుగాలికి, కుదుపులకి ఎలా గురిచేసి చూడాలో చెప్పే అమెరికా సైనిక పరీక్షా పద్ధతుల పుస్తకం. మన దేశంలో ఎలక్ట్రానిక్ పరికరాలకు ఇదే పని చేసేది జేఎస్ఎస్ 55555. పరీక్షలో క్లాంపు ఊడిపోతే పరికరం తప్పినట్టే. కానీ ఆ క్లాంపు ఏ లోహంతో చేయాలి, ఏ రబ్బరు వేయాలి, బోల్టు బలం ఎంత, పూత మందం ఎంత అన్నవి ఈ రెండు పుస్తకాల్లోనూ దొరకవు. అవన్నీ విడిభాగం నంబరులో ఉంటాయి. సైనిక ప్రమాణం ప్రకారం కొనడమంటే ఆ నంబరును చివరి అక్షరం దాకా అర్థం చేసుకుని కొనడం.

నంబర్ల ముందు వచ్చే పొట్టి అక్షరాలతో చాలామంది తికమకపడతారు. ఏఎన్ అంటే అమెరికా సైన్యం, నావికాదళం ఉమ్మడిగా పెట్టుకున్న పాత ప్రమాణం. తర్వాత వచ్చింది ఎంఎస్, అంటే మిలిటరీ స్టాండర్డ్. ఎన్ఏఎస్ విమాన పరిశ్రమ తనకు తాను రాసుకున్నది. 1994 జూన్‌లో అమెరికా రక్షణమంత్రి విలియం పెర్రీ, పరిశ్రమ ప్రమాణాలతో పని జరిగేచోట సైనిక స్పెసిఫికేషన్లు వద్దని ఆదేశించాక చాలా ఎంఎస్ పత్రాలు పరిశ్రమ సంఘాల చేతికి వెళ్ళాయి. అందుకే ఎంఎస్ 21919 క్లాంపు ఇప్పుడు ఏఎస్ 21919, ఎంఎస్ 20995 లాకింగ్ వైరు ఎన్ఏఎస్ఎం 20995. డ్రాయింగులో ఒక పేరు, బిల్లులో ఇంకో పేరు ఉన్నంత మాత్రాన సరుకు తేడా అనుకోనక్కర్లేదు. అంకెలు, వాటి వెనక అక్షరాలు కలవాలి.

ఒక క్లాంపును విప్పి చూస్తే

ఎంఎస్ 21919 అనేది వైర్ల కట్టలనూ, సన్నని గొట్టాలనూ పట్టుకునే రబ్బరు తొడుగు లూప్ క్లాంపు. ఆకారం ఇంగ్లిష్ పి అక్షరంలా ఉంటుంది కాబట్టి వర్క్‌షాపుల్లో పి-క్లాంపు అంటారు. ఎంఎస్ 21919 డబ్ల్యూడీజీ 8 అన్న నంబరు తీసుకుందాం. చివరి 8 సైజు. అంగుళంలో పదహారో వంతుల లెక్కన 8 అంటే అర అంగుళం, 12.7 మి.మీ. డి అంటే పట్టీ అల్యూమినియం మిశ్రమం. అక్కడ సి ఉంటే తుప్పు పట్టని ఉక్కు. జి అంటే తొడుగు క్లోరోప్రీన్ రబ్బరు. ముందున్న డబ్ల్యూ, క్లాంపు రెండు కాళ్ళు కలిసే మూలలో రబ్బరుతోనే ఉండే చిన్న చీలను సూచిస్తుంది. ఆ చీల లేకపోతే బిగించేటప్పుడు కట్టలోని ఒక వైరు జారి రెండు కాళ్ళ మధ్యకు వెళ్ళి నలుగుతుంది. ఆ రోజుకు వైరు బాగానే పనిచేస్తుంది. కొన్ని వందల గంటల కంపనం తర్వాత ఇన్సులేషన్ చిట్లి షార్ట్ అవుతుంది. ఒక్క అక్షరం విలువ అది.

జీవితకాలాన్ని పట్టీకన్నా ఎక్కువగా తేల్చేది రబ్బరే. జి రకం క్లోరోప్రీన్ సాధారణ చోట్లకు, సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దాకా. ఇంధనం తగిలేచోట ఎఫ్, అంటే నైట్రైల్. ఇంజను దగ్గర వేడికి హెచ్, అంటే సిలికోన్. సిలికోన్ 200 డిగ్రీలు దాటినా తట్టుకుంటుంది కానీ ఇంధనం తగిలితే ఉబ్బిపోతుంది. పైగా మెత్తన కాబట్టి చీరుకుపోవడం తేలిక. ఇ అంటే ఎథిలీన్ ప్రొపిలీన్. ఇది పౌర విమానాల్లో వాడే ఫాస్ఫేట్ ఎస్టర్ హైడ్రాలిక్ ద్రవానికి సరిపోతుంది. అదే క్లాంపును ఎర్రటి పెట్రోలియం హైడ్రాలిక్ నూనె వాడే సైనిక వాహనంలో వేస్తే కొన్ని వారాల్లోనే ఉబ్బి, మెత్తబడి, పట్టీలోంచి బయటకు వస్తుంది. అటు నైట్రైల్‌ను ఫాస్ఫేట్ ఎస్టర్‌లో పెట్టినా ఇదే గతి. కాబట్టి ముందు అడగాల్సిన ప్రశ్న "ఎంత గట్టిది?" కాదు. "దీనిమీద ఏ ద్రవం కారుతుంది, ఎంత వేడి తగులుతుంది?"

సైజు చేత్తోనే తెలుస్తుంది. కట్ట చుట్టూ క్లాంపు వేసి రెండు వేళ్ళతో నొక్కితే కాళ్ళు కలవాలి, కలిసేముందు కొంచెం ఎదురుతిరగాలి. ఎదురే లేకపోతే కట్ట లోపల జారుతూ ఒరుసుకుంటుంది. పానాతో లాగి కలపాల్సి వస్తే వైర్లు నలుగుతాయి. పెద్ద క్లాంపు తెచ్చి టేపు చుట్టి లావు చేసే పద్ధతి ఎక్కువకాలం నిలవదు. టేపు జిగురు వేడికి కరిగి జారుతుంది. విమానాల వైరింగులో ఆధారానికీ ఆధారానికీ మధ్య దూరం 24 అంగుళాలు మించకూడదు. మధ్యలో వేలితో మామూలుగా నొక్కితే కట్ట అర అంగుళానికి మించి వంగకూడదు. ప్లాస్టిక్ టై వైర్లను ఒక కట్టగా చేయడానికే. ఎక్కువ కంపనం ఉన్నచోట, ఇంజను గదిలో, ఊడిపడితే కదిలే భాగాల్లో చిక్కుకునే చోట ఆ కట్టను మోయడానికి టైని నమ్మకూడదు. నైలాన్ టై 85 డిగ్రీల దగ్గరే దాని హద్దుకు వచ్చేస్తుంది.

అంకె ఒకటే, అర్థం రెండు

ఏఎన్ 4-12ఏ అన్న బోల్టులో 4 అంటే వ్యాసం నాలుగు పదహారో వంతులు, పావు అంగుళం. 12 మాత్రం పన్నెండు కాదు. మొదటి అంకె అంగుళాలు, రెండోది ఎనిమిదో వంతులు. అంటే నామమాత్రపు పొడవు ఒక అంగుళం, దానిపై రెండు ఎనిమిదో వంతులు, మొత్తం అంగుళంపావు. అందుకే ఈ వరసలో 8, 9 ఉండవు, 7 తర్వాత నేరుగా 10 వస్తుంది. చివరి ఏ అంటే కాడ కొసన కాటర్ పిన్ను (నట్టు తిరిగి ఊడకుండా దూర్చే పిన్ను) రంధ్రం లేదని. ఇదే 12 ఎన్ఏఎస్ 6204-12లో కనిపిస్తే అది మరలు లేని నున్నటి కాడ పొడవు, పదహారో వంతుల్లో. అంటే ముప్పావు అంగుళం. రెండూ పావు అంగుళం బోల్టులే. స్టోరులో ఒకే డబ్బాలో కలిపితే వేరు చేయడానికి తలమీద గుర్తులే దిక్కు. ఏఎన్ అల్లాయ్ స్టీల్ బోల్టు తలమీద క్రాసు గుర్తు, తుప్పు పట్టని ఉక్కుకు ఒక గీత, అల్యూమినియానికి రెండు గీతలు ఉంటాయి.

నున్నటి కాడ పొడవు బిగించే పలకల మొత్తం మందానికి సమానంగా ఉండాలి. తక్కువైతే మరలు పలక రంధ్రంలోకి వచ్చి, కోత భారాన్ని మరల గాడిమీద మోయాల్సి వస్తుంది. ఎక్కువైతే నట్టు మరలు అయిపోయేచోట ఆగుతుంది. పానాకి బిగుసుకున్నట్టే తెలుస్తుంది, పలకలు మాత్రం వదులుగానే ఉంటాయి. చిన్న తేడాను పలచటి వాషరుతో సరిచేయవచ్చు. పెద్ద తేడా వస్తే బోల్టే మార్చాలి.

కంటితో పోల్చి బోల్టు ఎంచితే ఏమవుతుందో 1990 జూన్ 10న బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390 విమానంలో ప్రపంచం చూసింది. బర్మింగ్‌హామ్ నుంచి మలగా వెళ్తున్న బీఏసీ 1-11 విమానం 17,300 అడుగుల ఎత్తులో ఉండగా కెప్టెన్ ముందున్న అద్దం ఊడి ఎగిరిపోయింది. ఆయన నడుము దాకా బయటకు లాగబడ్డారు. సిబ్బంది కాళ్ళు పట్టుకుని ఆపారు, కో-పైలట్ సౌతాంప్టన్‌లో దించారు, కెప్టెన్ బతికారు. ఆ అద్దాన్ని 27 గంటల ముందే కొత్తగా బిగించారు. మొత్తం 90 బోల్టులు. వాటిలో 84 బోల్టుల వ్యాసం ఉండాల్సినదానికంటే 0.026 అంగుళం తక్కువ. మిగతా 6 వ్యాసం సరిగ్గానే ఉన్నా 0.1 అంగుళం పొట్టి. వేయాల్సినవి ఏ211-8డి, ఆ 84 చోట్ల వేసినవి ఏ211-8సి. తేడా చివరి అక్షరమే.

ఇది ఎలా జరిగిందో ఈ పనిలో ఉన్నవాళ్ళందరూ తెలుసుకోవాలి. పాత అద్దానికి ఉన్న 7డి బోల్టులే పొట్టివి, అంటే అంతకుముందే ఎవరో తప్పు బోల్టులు వేశారు. అద్దం మార్చినాయన పాతవాటిలాంటివే వేద్దామనుకున్నారు. 8డి వేయాలని స్టోరు సూపర్‌వైజరు చెప్పినా, కాదనుకుని వెలుతురు సరిగా లేని ఇంకో స్టోరులో పాత బోల్టును పక్కన పెట్టి చూసి ఎంచుకున్నారు. సన్న బోల్టు మరలోకి ఎలా ఎక్కింది? రెండింటికీ అంగుళానికి 32 మరలే. 8 నంబరు బోల్టు వ్యాసం 0.164 అంగుళం, 10 నంబరుది 0.190. మరల దూరం ఒకటే కాబట్టి సన్నది లోపలికి తిరిగింది, కానీ మర అంచులు మాత్రమే పట్టుకున్నాయి. పాత బోల్టు చూసి కొత్తది కొనేవాళ్ళు, ఆ పాతది సరైనదేనని భాగాల పట్టికలో ముందుగా నిర్ధారించుకోవాలి.

బలం ఎక్కువైతే మంచిదా?

ఏఎన్ బోల్టు తన్యబలం (లాగితే తెగకుండా తట్టుకునే హద్దు) చదరపు అంగుళానికి 1,25,000 పౌండ్లు, అంటే సుమారు 860 మెగాపాస్కల్స్. హార్డ్‌వేర్ కొట్లో దొరికే 12.9 గ్రేడు అలెన్ బోల్టుది 1,200కు పైన. సంఖ్య చూసి "కొట్లోదే గట్టిది కదా, అదే వేద్దాం" అనుకోవడం సహజం. చిక్కంతా ఆ గట్టిదనంతోనే మొదలవుతుంది. ఉక్కు కాఠిన్యం పెరిగేకొద్దీ హైడ్రోజన్‌కు లొంగుతుంది. ఆమ్లంలో కడిగి, విద్యుత్తుతో జింక్ పూత వేసేటప్పుడు పుట్టే హైడ్రోజన్ ఉక్కులోకి దూరుతుంది. బోల్టు బిగించినప్పుడు ఏమీ కాదు. కొన్ని గంటలకో రెండు రోజులకో, ఎవరూ ముట్టుకోకుండానే తల ఊడి కింద పడుతుంది. తెగేది ఎక్కువగా తల కింద మెడ దగ్గర, లేదా మొదటి మర దగ్గర.

దీనికి విరుగుడు పూత పూసిన నాలుగు గంటల్లోపు పొయ్యిలో పెట్టి, సుమారు 190 డిగ్రీల దగ్గర చాలా గంటలు కాల్చడం. సైనిక స్పెసిఫికేషన్లు దీన్ని తప్పనిసరి చేసి, రికార్డు అడుగుతాయి. వీధి చివర ప్లేటింగు షాపులో ఆ పొయ్యి ఉండకపోవచ్చు. కాబట్టి 12.9 బోల్టులను విడిగా తీసుకెళ్ళి ప్లేటింగు చేయించకూడదు. పూత కావాలంటే విద్యుత్తు లేకుండా వేసే జింక్ ఫ్లేక్ పూత అడగాలి, లేదా గ్రేడు తగ్గించి వ్యాసం పెంచాలి. ప్రమాణం నంబరు ఉన్నంత మాత్రాన ఈ బెడద పోదు కూడా. హెలికాప్టర్లలో వాడే ఎంఎస్ 21042 నట్లలో కొన్ని బ్యాచ్‌లు ఇదే కారణంతో చిట్లి, వైమానిక భద్రతా సంస్థలు హెచ్చరికలు జారీ చేశాయి.

ఇక కాడ్మియం పూత. పాత సైనిక బోల్టుల బంగారు రంగు దాని పైనున్న క్రోమేట్‌ది. ఉప్పు నీటిని బాగా తట్టుకుంటుంది, అల్యూమినియంతో తగవు పడదు, మరలు నునుపుగా తిరుగుతాయి. కానీ 232 డిగ్రీలు దాటేచోట వాడకూడదు, టైటానియానికి తగలకూడదు. రెండుచోట్లా కాడ్మియం లోహంలోకి చొరబడి పెళుసు చేస్తుంది. అది విషం కూడా, కాబట్టి ఆ పూత ఉన్న బోల్టును గ్రైండరు మీద పెట్టకూడదు.

నట్టుకూ వేడి హద్దు ఉంటుంది. లోపల నైలాన్ రింగు ఉన్న నట్టుకు 121 డిగ్రీలు, మొత్తం లోహంతో చేసిన లాకింగు నట్టుకు 232. ఎగ్జాస్టు దగ్గర నైలాన్ నట్టు వేస్తే రింగు కరిగి మామూలు నట్టు అయిపోతుంది. బయటికి మాత్రం ఏ తేడా కనబడదు. కీలు లాగా బోల్టే తిరిగే జాయింటులో ఈ రెండూ పనికిరావు. అక్కడ గాళ్ళున్న నట్టు, కాటర్ పిన్ను వేయాలి. లాకింగు నట్టును మళ్ళీ వాడాలంటే పరీక్ష సులువు. పావు అంగుళం సన్నమర నట్టును పలకకు తగలకుండా తిప్పేటప్పుడే కనీసం 3.5 అంగుళ-పౌండ్ల ఎదురు ఉండాలి. వేళ్ళతోనే సాఫీగా తిరిగితే పారేయాలి.

వదులవడం ఎక్కడ మొదలవుతుంది

బోల్టు ఒక గట్టి స్ప్రింగు. బిగిస్తే సాగుతుంది, ఆ సాగుడే పలకలను పట్టి ఉంచుతుంది. పలకలు అడ్డంగా జారడం మొదలైతే మరల ఒరిపిడి తాత్కాలికంగా పోయి నట్టు తనంతట తాను వెనక్కి తిరుగుతుంది. జర్మన్ ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ 1969లో పరీక్షయంత్రంతో చూపించింది ఇదే. కాబట్టి మొదటి రక్షణ సరిపడా సాగుడు. లాకింగు దాని తర్వాతే.

ఒక లెక్క చూడండి. 8.8 గ్రేడు ఎం6 (6 మి.మీ. వ్యాసం) బోల్టును దాని ప్రూఫ్ లోడులో (శాశ్వతంగా సాగకుండా మోయగల భారంలో) 75 శాతానికి, అంటే సుమారు 8.7 కిలోన్యూటన్లకు బిగించాం. పలకల మందం 6 మి.మీ. అయితే బోల్టు సాగేది దాదాపు 13 మైక్రాన్లు. 30 మి.మీ. అయితే 64 మైక్రాన్లు. ఇప్పుడు తల కింద ఉన్న పెయింటు, గరుకుదనం నలిగి 8 మైక్రాన్లు కుంగాయనుకోండి. పొడవాటి బోల్టు తన పట్టులో ఎనిమిదో వంతు పోగొట్టుకుంటుంది. పొట్టిది సగానికి పైగా పోగొట్టుకుంటుంది, అదీ బండి కదలకముందే. పౌడర్ కోటింగ్ మందం 60 మైక్రాన్లు దాటుతుంది కాబట్టి బోల్టు తల కూర్చునేచోట కోటింగ్ పడకుండా మాస్కింగ్ టేపు వేయడం తప్పనిసరి. పలచటి బ్రాకెట్టుకు క్లాంపు బిగించేటప్పుడు వీలైతే స్పేసరు గొట్టం పెట్టి బోల్టు పొడవు పెంచాలి.

మనవాళ్ళు అలవాటుగా వేసే స్ప్రింగ్ వాషరు ఇక్కడ సాయపడదు. పూర్తిగా బిగించాక అది చదునై మామూలు వాషరులా ఉండిపోతుందని నాసా 1990లో ప్రచురించిన ఫాస్టెనర్ డిజైన్ మాన్యువల్ తేల్చి చెప్పింది.

గ్రీజు సంగతి ఇంకా ప్రమాదకరం. అదే ఎం6 బోల్టుకు పొడిగా ఉన్నప్పుడు 8.7 కిలోన్యూటన్ల పట్టు రావాలంటే సుమారు 10.5 న్యూటన్-మీటర్ల టార్క్ కావాలి. మరలకు మాలిబ్డినం గ్రీజు రాసి అదే టార్క్ పెడితే పట్టు 14.5 కిలోన్యూటన్ల దాకా పోతుంది. ఆ బోల్టు శాశ్వతంగా సాగిపోయే హద్దు సుమారు 12.9. టార్క్ రెంచి "టిక్" మంది, అంకె సరిపోయింది, బోల్టు మాత్రం పాడైంది. పట్టికలోని టార్క్ పొడి మరలకా, నూనె రాసినవాటికా అన్నది చూడకుండా రెంచి పట్టకూడదు. స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్ అయితే మరలు అతుక్కుపోకుండా యాంటీసీజ్ రాయక తప్పదు, కాబట్టి అక్కడ టార్క్ తగ్గించిన పట్టికే వాడాలి. లాకింగు నట్టుకు దీనికి తోడు ఇంకో లెక్క ఉంది. పావు అంగుళం సన్నమరకు టార్క్ 50 నుంచి 70 అంగుళ-పౌండ్లు అనుకుంటే, నట్టు తిరగడానికే 8 ఖర్చవుతున్నప్పుడు రెంచిని 58 నుంచి 78 మధ్య పెట్టాలి.

గొట్టాల క్లాంపులు, ఉప్పుగాలి

గొట్టాలకు వేసే మరచుట్టు క్లాంపులో మోసం స్క్రూలో ఉంటుంది. జర్మన్ ప్రమాణం డిఐఎన్ 3017 దీన్ని డబ్ల్యూ1 నుంచి డబ్ల్యూ5 దాకా విడగొట్టింది. డబ్ల్యూ1 అంతా జింక్ పూత ఉక్కు. డబ్ల్యూ2లో పట్టీ స్టెయిన్‌లెస్, స్క్రూ మాత్రం జింక్ పూత ఉక్కు. "స్టెయిన్‌లెస్ క్లాంపు" అని అమ్మేవాటిలో ఇదే ఎక్కువ. డబ్ల్యూ4 అంతా 304 రకం, డబ్ల్యూ5 అంతా 316 రకం. విశాఖ లాంటి తీరంలో డబ్ల్యూ2 పట్టీ మెరుస్తూనే ఉంటుంది, స్క్రూ తుప్పు పట్టి తిరగదు. అక్కడ 316 కొనాలి. అందులోని 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉప్పు వేసే గుంటలను అడ్డుకుంటుంది. సిలికోన్ గొట్టానికి చిల్లులున్న పట్టీ వేయకూడదు. మెత్తటి రబ్బరు చిల్లుల్లోంచి పైకి పొడుచుకొచ్చి తెగుతుంది. దానికి లోపల నున్నటి పొర ఉన్నది కావాలి. చలికి గొట్టం కుంచించుకుని కారుతుంటే ఇంకా బిగించడం తప్పు. స్క్రూ మీద పేర్చిన గిన్నె ఆకారపు స్ప్రింగ్ వాషర్లతో ఒత్తిడిని తనే సర్దుకునే రకానికి మారాలి.

అల్యూమినియం పలకకు స్టెయిన్‌లెస్ బోల్టు వేస్తే తుప్పు పట్టేది పలక. లోహాల జోడీలకు మిల్-ఎస్‌టీడీ-889 చూడాలి. జోడీ తప్పనప్పుడు బోల్టును సీలెంటులో ముంచి తడిగానే బిగించాలి. ఉప్పు పరీక్షలో కూడా ఒక కిటుకు ఉంది. ఎడతెగకుండా ఉప్పు పొగమంచు కొట్టే ఏఎస్‌టీఎం బి117కీ, మిల్-ఎస్‌టీడీ-810లోని 509వ పద్ధతికీ తేడా ఆరబెట్టడంలో ఉంది. రెండోదానిలో 24 గంటలు 5 శాతం ఉప్పునీటి పొగ, 24 గంటలు ఆరబెట్టడం, మళ్ళీ ఒకసారి. తీరంలో నిజంగా జరిగేదానికి తడిసి ఆరడమే దగ్గర. అమ్మేవాళ్ళు "500 గంటలు" అంటే ఏ పద్ధతిలో అని అడగాలి. ఆ గంటలను సంవత్సరాల్లోకి మార్చే సూత్రమేదీ లేదు.

కాగితం లేని బోల్టు

తలమీద గుర్తు ఒక్కటే సాక్ష్యం కాదని 1980లలో అమెరికాకు తెలిసొచ్చింది. అమెరికా ఇంజనీర్ల సంఘం ఎస్ఏఈ చెప్పిన గ్రేడు 8 బోల్టుకు తలమీద ఆరు గీతలుంటాయి. అది మీడియం కార్బన్ అల్లాయ్ స్టీలు, టెంపరింగు (గట్టిపరిచాక పెళుసు తగ్గించడానికి మళ్ళీ వేడిచేయడం) కనీసం 427 డిగ్రీల దగ్గర. చవకైన బోరాన్ ఉక్కుతో చేసిన 8.2 గ్రేడు బోల్టులు అవే ఆరు గీతలతో మార్కెట్లోకి వచ్చాయి. వాటి టెంపరింగు 343 డిగ్రీల దగ్గరే. గది ఉష్ణోగ్రతలో రెండూ ఒకేలా పరీక్ష పాసవుతాయి. వేడి ఉన్నచోట మాత్రం 8.2 పట్టు సడలుతుంది. ఈ గొడవ తర్వాతే 1990లో ఫాస్టెనర్ క్వాలిటీ చట్టం వచ్చింది. అమెరికా రక్షణ లాజిస్టిక్స్ సంస్థ మరలున్న ఫాస్టెనర్ల తయారీదారులకూ పంపిణీదారులకూ ఆమోదిత జాబితాలు నడుపుతోంది. మన దేశంలో సైనిక విమానాలకైతే ఎగిరే యోగ్యతను ధ్రువీకరించే సెమిలాక్, నాణ్యతను తనిఖీ చేసే డీజీఏక్యూఏ ఆమోదాలు చూడాలి.

సరుకు రాగానే చూడాల్సినవి ఇవి. పెట్టెమీద లాట్ నంబరు, సర్టిఫికెట్టు మీది లాట్ నంబరు కలవాలి. సర్టిఫికెట్టులో ఉక్కు హీట్ నంబరు (ఉక్కు కరిగించిన విడత నంబరు), రసాయన విశ్లేషణ, కాఠిన్యం, పూత ప్రమాణం, కాల్చిన గంటలు ఉండాలి. "ప్రమాణానికి అనుగుణం" అన్న ఒక్క వాక్యం చాలదు. ప్రతి లాటు నుంచి కొన్ని తీసి గో, నో-గో గేజీతో (ఒక కొస ఎక్కాలి, రెండోది ఎక్కకూడదు) మరలు చూసి, ఒకటి రెండు కోసి కాఠిన్యం కొలిపించాలి. రెండు లాట్లను ఒకే డబ్బాలో కలపకూడదు. ఒక లాటు చెడ్డదని ఆరు నెలల తర్వాత తేలితే, కలిపిన డబ్బాలోంచి ఏ బోల్టు ఏ బండికి వెళ్ళిందో చెప్పే దారి ఉండదు, అన్ని బండ్లూ విప్పాల్సిందే. బిగించిన ప్రతి నట్టు మీదా, పక్కనున్న పలక మీదా కలిసేలా ఒక రంగు గీత గీయాలి. తర్వాతి తనిఖీలో గీత విరిగి కనబడితే ఆ నట్టును ఊరికే మళ్ళీ బిగించి వదిలేయకుండా, బోల్టు, నట్టు రెండూ తీసి కొత్తవి వేసి, ఎందుకు తిరిగిందో పలకల జారుడు గుర్తుల దగ్గర వెతకాలి.